సిపాయి పురుగుకు నేను చేసిన మేలు

ఆంధ్ర కాస్తా ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో ప్రొద్దుటూరులో నా అంత తీరిక లేని మనిషి ఇంకొకడు లేడు. ఆఫీసు బోర్డులన్నింటి మీదా పాత పేరు చెరిపి కొత్తది రాయాలి. పేరు పొడుగైంది గానీ బోర్డు పెరగలేదు. అక్షరాలు ఇరికించలేక ప్రభుత్వాన్ని రోజూ తిట్టుకునేవాణ్ణి. అవి కాక జమ్మలమడుగు అంగళ్ళ బోర్డులు, పులివెందుల టూరింగ్ టాకీసుకు హీరోల బొమ్మలు. ఉన్న మొహానికి కాస్త అందం కలపడమే నా వృత్తి. మెల్లకన్ను షావుకారును కూడా నేరుగా చూస్తున్నట్టు గీసి మెప్పించినవాణ్ణి.

అట్లాంటి నా దగ్గరికి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సారు ఒకాయన అగ్గిపెట్టె పట్టుకొని వచ్చాడు. కోస్తా మనిషి. మాట మాటకూ 'అండీ'. పెట్టె తెరిస్తే అందులో దూది మీద చచ్చిన పురుగు. వేలి గోరంత కూడా లేదు. మెడ ఎర్రగా, రెక్కలు నల్లగా, మెత్తగా ఉన్నాయి. వెనకటి సిపాయిల దుస్తుల్లాంటి రంగులు కాబట్టి వీటిని సిపాయి పురుగులంటారట. మూడేళ్ళుగా తొలకరి పడగానే ఆయన జమ్మలమడుగు బస్సెక్కి, అక్కడి నుంచి గండికోట కొండ మీదికి నడిచి, ముళ్ళపొదల పూల మీద వీటిని ఏరుతున్నాడట. ప్రపంచంలో ఎవరూ ఈ జాతి గురించి రాయలేదట. తాను వర్ణన రాసి, బొమ్మలు జతచేసి కలకత్తాలో పురుగుల జాతులు తేల్చే ఒక పెద్దాయనకు పంపాలి. ఆయన ఒప్పుకుంటే ఇది కొత్త జాతి.

"గొర్రెలు కాసేవాళ్ళు దీన్ని రోజూ చూస్తానే ఉండారు గదా సార్, కొత్తదేంది?" అన్నాను.

"చూడటం వేరు, వర్ణించడం వేరండీ," అన్నాడు. ఆ తర్వాత తల దించుకొని, "కాలేజీలో నన్ను పురుగుల పిచ్చోడంటారు. ఇది కొత్తదని తేలితే, మూడేళ్ళూ నేను ఊరికే తిరగలేదని నాకైనా తెలుస్తుందండీ," అన్నాడు.

పాపమనిపించింది. ఆరడుగుల హీరోలను గీసే చేత్తో వారం రోజులు చుక్కలు చుక్కలుగా ఇంకు పెట్టి పురుగు బొమ్మ పూర్తి చేశాను. సారు మురిసిపోయాడు. మరునాడు ఒక చిన్న గాజు గొట్టం తెచ్చాడు. లోపల స్పిరిట్‌లో నువ్వు గింజలో సగమంత ఏదో ఉంది.

"ఇదేంది సార్?"

ఆయన గోడ వైపు తిరిగి, "మగ పురుగు మర్మాంగమండీ," అన్నాడు.

కడుపు పట్టుకొని నవ్వాను. కుంచె రంగు డబ్బాలో పడిపోయింది. పైకి పది జాతులు ఒకేలా కనిపిస్తాయనీ, అసలు తేడా అక్కడే తెలుస్తుందనీ ఆయన గోడకే చెప్పాడు. "మనుషులకు గూడా అట్లనే చూసి పేర్లు పెడితే ఊర్లో ఉండనిస్తారా సార్?" అన్నాను. ఆయన నవ్వలేదు. భూతద్దం నా చేతిలో పెట్టి పోయాడు.

భూతద్దంలో చూస్తే అది ఎడమకు వంగి ఉంది. చచ్చేటప్పుడు మెలితిరిగి ఉంటుంది, ఖర్మ అనుకున్నాను. దేవుడి కిరీటమైనా, హీరో మీసమైనా మా పనిలో ఒకటే పద్ధతి. సగం పెన్సిలుతో గీసి, కాగితం నడిమికి మడిచి రుద్దితే రెండో సగం అచ్చు పడుతుంది. సాటి మగవాడికి ఆ మాత్రం మేలు చేయకపోతే ఎట్లా? మడిచి రుద్దాను. బాణంలా తిన్నగా వచ్చింది. సారు ఆ బొమ్మను చాలాసేపు చూసి, సంచిలో పెట్టుకొని పోయాడు.

మూడు నెలల తర్వాత కలకత్తా నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకొని వచ్చి, నా రంగు డబ్బా మీద కూలబడ్డాడు. ఇది పాత పురుగేనట. దక్షిణాన కొండల్లో దొరికే జాతికి కూడా ఆ భాగం ఇట్లాగే తిన్నగా ఉంటుందట. "అయిపోయిందండీ. పెట్టెలన్నీ పెన్నలో పారేస్తాను," అన్నాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా ఆయన మొహం చూస్తూ ఊరుకోలేకపోయాను.

"సార్, అది వంకరే. నేనే తిన్నగా చేసినా. చూసేదానికి శానా ఎబ్బెట్టుగా ఉండాదని."

కొడతాడనుకున్నాను. ఆయన సంచిలోంచి తన చిత్తుప్రతి తీసి నా ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఒక వాక్యం కొట్టివేసి, పైన ఇంకొకటి రాసి ఉంది. అర్థం ఆయనే చెప్పాడు. మొదట రాసింది 'ఎడమకు బాగా వంగి'. తర్వాత రాసింది 'తిన్నగా'.

"మీ బొమ్మ అంత చక్కగా ఉందండీ. నేనే సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను."

మూడేళ్ళు కొండెక్కిన మనిషి నా గీత చూసి తన కళ్ళనే నమ్మడం మానేశాడు. అంత సిగ్గు నా బతుకులో ఎప్పుడూ పడలేదు.

మళ్ళీ గీశాను. ఈసారి కాగితం మడవలేదు. నాలుగు రోజులు పట్టింది. "వంగిందే గదా సార్?" అని ఊరికూరికే అడిగితే, "నన్ను అడక్కండి, మీరే చూడండి," అని కసిరాడు. బొమ్మ గీసినవాడిది తప్పని రాయమన్నాను. ఆయన మాత్రం తనదే పొరపాటని రాసి పంపాడు.

తిరుగు టపాలో కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త జాతే. సారు ఎండలో పరిగెత్తుకుంటూ వచ్చి, నిచ్చెన మీద ఉన్న నన్ను కిందికి లాగి, రంగు చేతులతో సహా వాటేసుకున్నాడు. ఏడ్చాడు కూడా.

ఏడాదికి అచ్చయిన పత్రిక నాకొకటి ఇచ్చాడు. ఇంట్లో నా భార్య చుట్టుపక్కల ఆడవాళ్ళందరినీ పిలిచి, "మామా, దీంట్లో నువ్వు గీసిండేది యాడుందో చూపీ," అంది. అన్నేళ్ళలో నేను ఉన్నది ఉన్నట్టు గీసిన బొమ్మ ఆ వంకరది ఒక్కటే. దాని మీద అరచెయ్యి పెట్టి దాచి, వాళ్ళకు పురుగు బొమ్మ మాత్రం చూపించి పుస్తకం మూసేశాను.