మూడు వందల పన్నెండు మంది తృప్తి

సైనికుల సంక్షేమ కార్యాలయంలో ఆవిడని అందరూ ఫారాలక్క అనేవారు. పదకొండేళ్లుగా ఆవిడ పని ఒకటే. క్యాంటీను, జిమ్ము, క్వార్టర్లు, పిల్లల కేంద్రం, ఇవన్నీ సైనికులకి ఎంతవరకు పనికొస్తున్నాయో ఫారాలు పంచి అడగడం, వచ్చిన జవాబులు కూడి పైకి పంపడం. ఎవరైనా "ఎలా ఉన్నావక్కా?" అంటే "ఒకటి నుంచి ఐదు లోపు చెప్పాలా?" అని నవ్వేసేది.

ఈసారి మాత్రం నవ్వు రాలేదు. చెల్లెలు ఆస్పత్రిలో నర్సు, ఆమె మొగుడు, అంటే ఆవిడ మరిది, ఇక్కడి పటాలంలోనే డ్రైవరు. చెల్లెలి డ్యూటీ సాయంత్రం ఆరింటిదాకా అయితే, వాళ్ల రెండేళ్ల పాపని చూసే కేంద్రానికి నాలుగింటికే తాళం పడుతుంది. రోజూ మధ్యలోనే లేచి పరిగెడుతుంటే హెడ్ నర్సు ఆఖరి మాట చెప్పేసింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చూసుకో, లేదా మానుకో.

అందుకే ఫారాలక్క కొత్త ప్రశ్న చేర్చింది. కేంద్రం వేళలు సరిపోతున్నాయా? సగం మంది సరిపోవట్లేదంటే ఏడింటిదాకా తెరుస్తానని ఆఫీసరు మాటిచ్చాడు. క్వార్టర్ల కొళాయి దగ్గర ఏ తల్లిని కదిపినా ఇదే గోల. ఇంకేం, పని అయిపోయినట్టే అనుకుంది.

ఫారం మీద పేరు రాయక్కర్లేదు. కానీ పటాలంలో ఒక అలవాటుంది. ఏ కాగితమైనా వరసలో కూర్చుని నింపి, వరస చివర సార్జెంటు చేతికివ్వాలి. ఆయన ఒక్కోటీ తిప్పి చూసి మరీ కట్ట కడతాడు. సెలవు చీటీల మీద సంతకం పెట్టేదీ ఆయనే.

"ఎవడికైనా కష్టాలుంటే నోటితో చెప్పండ్రా, కాగితం మీద ఎందుకు?" అన్నాడట. ఎవడు నోరెత్తుతాడు?

మూడు వందల పన్నెండు ఫారాలొచ్చాయి. అన్నిట్లో ఒకటే పాట, చాలా బాగుంది. మరిది కోడిగీతల రాత ఆవిడ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. "వేళలు సరిపోతున్నాయి. సూచనలేమీ లేవు."

ఆ సాయంత్రమే నిలదీసింది.

"కళ్లు మూసుకుని రాశావా?"

"తెరుచుకునే రాశాను వదినా. ఎదురుగా సార్జెంటున్నాడు."

"పేరు లేదు కదయ్యా!"

"ఏ కాగితం ఎవడిచ్చాడో ఆయన చూడట్లేదా? వచ్చే నెల నాన్నకి ఆపరేషన్. పది రోజులు సెలవు నువ్విస్తావా?"

పాపని భుజాన వేసుకుని నిలబడ్డ చెల్లెలు "నన్నెవరైనా అడిగారా?" అంది. అంతే. ఎవరినందో తెలీలేదు. ఫారాలు మొగుళ్లకే పంచిన అక్క కూడా తల దించుకుంది.

మర్నాడు ఆఫీసరు ముందు నిలబడింది. "సార్, ఆ జవాబులు నిజం కావు. ఒక్కసారి ఆడవాళ్లని అడగండి."

"నూటికి నూరు మంది తృప్తిగా ఉన్నారంటే మీకేంటమ్మా బాధ? మీ ఇంటి గొడవ నా రిపోర్టులోకి తేకండి."

నెలాఖరున చెల్లెలు ఉద్యోగం మానేసింది. పాప కేంద్రానికి రావడం మానేసింది.

రిపోర్టు పైకి వెళ్లే రోజు ఆఫీసరు గుమ్మంలో ఆగాడు. "కేంద్రంలో రద్దీ కూడా తగ్గిందని ఒక ముక్క రాయండి. ఓ ఉయ్యాల ఖాళీ అయిందటగా."

ఫారాలక్క టైపు చేసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.