మిలిట్రీ సంచి

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేటకి వెళ్ళే రోజున తుపాకి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. మాటలన్నీ సంచి చుట్టూనే తిరిగేవి. మాది మాచర్లకి పడమటగా, కొండల అంచున ఉన్న ఊరు. సాగరు కాలవ నీళ్ళు మా వైపు ఇంకా రాలేదు. వానని నమ్ముకుని జొన్న వేసేవాళ్ళం. కంకి ముదిరే వేళకి కొండ మీద నుంచి అడవిపందులు దిగి, తిన్నదానికంటే ఎక్కువ తొక్కి పోయేవి. అందుకే పంట కాపలాకని కొందరి దగ్గర లైసెన్సు తుపాకులు ఉండేవి. ఇప్పుడు అడవిలో జంతువుని ముట్టుకుంటే నేరం, అలా ఉండటమే మంచిదని నేనూ అంటాను. అప్పుడు మాత్రం పందిని కొట్టడం మా ఊళ్ళో కలుపు తీసినంత మామూలు పని.

మా తాతయ్యకి ఒక తుపాకి ఉండేది. మా వీధి చివర ఇంట్లో వరసకి బాబాయి అయ్యే ఆయనకి రెండు వేటకుక్కలు ఉండేవి. బాబాయికి సెంటు భూమి లేదు. కూలికి పోయేవాడు, కూలి లేని రోజుల్లో తాతయ్యతో కొండెక్కేవాడు. పంది దొరికితే ఆయనకి ఒక పాలు, మాకు ఒక పాలు, మిగిలింది చేలు పాడైన మరో మూడిళ్ళ వాళ్ళకి. మేము మాంసం ఇష్టంగా తినేవాళ్ళం. బాబాయి పిల్లలు దాని కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. ఈ తేడా నాకు నేను కొండెక్కిన రోజు దాకా తెలియదు.

నన్ను కూడా తీసుకెళ్ళమని ఏడాది పాటు తాతయ్య ప్రాణం తోడాను. ఆడపిల్లకి కొండేంటని అమ్మ కసిరింది. నాకు పదేళ్ళు నిండాక, శివరాత్రి వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం తాతయ్య నన్ను పిలిచాడు.

"రేపు నువ్వూ వద్దువుగానిలే. సంచి మాత్రం నువ్వే ఎంచి తియ్యాలి."

అది నాకు పట్టాభిషేకంలా అనిపించింది. కొట్టంలో రెండు సంచులు వేలాడుతుండేవి. ఒకటి మా నాయనమ్మ కుట్టిన గోతం సంచి. పెద్దది, వదులు నేతది. భుజాలకి మంచం నవారుతో వెడల్పాటి పట్టీలు వేసి, పురికొసతో రెండు మూడు వరసలు కుట్టి ఉండేది. ఏళ్ళ తరబడి రక్తం పీల్చి నల్లగా అట్టకట్టి, దగ్గరికి వెళితే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. రెండోది, తాతయ్య మాచర్ల సంతలో కొనుక్కొచ్చిన మిలిట్రీ సంచి. ఆకుపచ్చ కాన్వాసు, నాలుగు జేబులు, ఇత్తడి బకిల్సు. లోపల నీళ్ళు దిగకుండా రబ్బరు పూత. అది వేసుకుంటే మనిషికి ఒక దర్జా వచ్చేది.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. మిలిట్రీ సంచి తీసుకెళ్ళి తాతయ్య ముందు పెట్టాను.

ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"సరే." అంతే. ఆ రాత్రి బకిల్సుని చింతపండుతో తోమి పడుకున్నాను.

తెల్లవారుజామున బయలుదేరాం. పొద్దు పొడిచిన కాసేపటికే కుక్కలు ఒక మగపందిని లేపాయి. పెద్దది కాదు, పడుచుది. తుమ్మ చెట్ల మధ్యలో నుంచి అది అడ్డంగా పరిగెడుతుంటే తాతయ్య పేల్చాడు. గుండు నడుము మీద తగిలింది. పంది చావలేదు. వెనక కాళ్ళు చచ్చుబడిపోయాయి, ముందు కాళ్ళతో నేలని గోకుకుంటూ ఒంటిని ముందుకి ఈడ్చుకుంటోంది. అది అరిచిన అరుపు మనిషి అరుపుకి ఎంత దగ్గరగా ఉందో చెప్పలేను. నేను చెవులు మూసుకుంటే తాతయ్య నా చేతులు రెండూ కిందికి లాగాడు.

"చూడవే. చూడటానికేగా వచ్చావు."

తుపాకి మందు దండగని ఆయన రెండోసారి పేల్చలేదు. బాబాయి కుక్కల్ని అదుపు చేసుకుని, బల్లెం పట్టుకుని దాని దగ్గరికి చేరేదాకా అది అరుస్తూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

ఎండుగడ్డి మంటలో వెంట్రుకలు కాల్చి, గీకి, కోశారు. పేగులు కుక్కలకి వేశారు. బాబాయి ముక్కల్ని మోదుగాకుల మీద పరిచి, కాసేపు నీడలో ఆరనిద్దామన్నాడు. తాతయ్య ఎండెక్కుతుందని తొందరపెట్టాడు. ఆవిర్లు పోతున్న మాంసాన్ని అలాగే సంచిలో కుక్కి, మూత లాగి, నా చేతే బకిల్సు బిగింపించాడు.

"ఎత్తుకో. ఎంచింది నువ్వేగా."

బాబాయి వద్దన్నాడు, చిన్నపిల్లన్నాడు. తాతయ్య వినలేదు. ఇద్దరూ కలిసి సంచిని నా వీపుకెత్తారు. దాని బరువు దాదాపు నా బరువంత ఉంటుంది. ఆ పట్టీలు సన్నం, నా భుజాల్లోకి తాళ్ళలా దిగిపోయాయి. వేడి మాంసం నా వీపుని ఆనుకుని, బతికున్నదాన్ని మోస్తున్నట్టే ఉంది. పది అడుగులు వేసి పడిపోయాను. తాతయ్య లేవమన్నాడు. లేచాను. రెండోసారి రాళ్ళ మీద బోర్లా పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది. ఆయన మళ్ళీ లేవమన్నాడు. అప్పుడు బాబాయి వచ్చి సంచి నా మీద నుంచి తీసి తన భుజానికేసుకున్నాడు.

అరగంట నడిచామో లేదో ఒక పట్టీ కుట్టు దగ్గర పుటుక్కున ఊడింది. బాబాయి అడవితీగ తెచ్చి కట్టాడు. అదీ జారింది. ఒకసారి నెత్తిన, ఒకసారి చంకలో, ఒకసారి పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా మోశాడు. గంటలో అయ్యే నడక మూడు గంటలు పట్టి, దారిలో ఉన్న వాగు దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. నాపరాళ్ళ మీద కాలు ఆనటం లేదు. తాతయ్య కానుగ నీడలో కూర్చుని నడుం వాల్చాడు. బాబాయి సంచి మూత తీయబోయాడు.

"తియ్యమాక. అట్టనే ఉంచు," అన్నాడు తాతయ్య కళ్ళు తెరవకుండానే.

"గాలాడాల పెదనాయనా. చానా ఏడిగా ఉంది లోపల."

"ఉంచమన్నానా?"

బాబాయి చెయ్యి బకిల్సు మీదే కొంచెంసేపు ఆగి, తర్వాత పక్కకి జరిగింది. తాతయ్య చాలాసేపు పడుకున్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నాను.

ఇంటికి చేరాక దొడ్లో నన్నే మూత తీయమన్నారు. తీయగానే వచ్చిన వాసన ఇప్పటికీ నాకు ఏ వాసనతోనూ పోల్చడానికి రాదు. పుల్లగా, తియ్యగా ముక్కులో అంటుకుపోయింది. రబ్బరు పూత ఒక్క చుక్క నీరు బయటికి పోనివ్వలేదు, రవ్వంత గాలి లోపలికి రానివ్వలేదు. పైముక్కలు జిగురు కట్టాయి. బాబాయి కత్తితో ఒక తొడ ముక్క చీల్చి ఎముక దగ్గర వాసన చూసి, ముఖం తిప్పుకున్నాడు. నాయనమ్మ వచ్చి చూసి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తాతయ్య నా చేతికి పార ఇచ్చాడు. "తవ్వు."

నేను తవ్వుతుంటే, బాబాయి అప్పటిదాకా అణుచుకున్నది బయటికి వచ్చింది.

"పెదనాయనా, ఆ సంచి పనికిరాదని నీకు రాత్రే తెలుసు గదా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలా?"

"చెబితే ఇంటది. రేప్పొద్దునకి మర్చిపోద్ది. ఇప్పుడు మర్చిపోదు, సచ్చిందాకా."

బాబాయి గుంటలోకి చూశాడు. "దానికి బుద్ధి చెప్పటానికి నా పిల్లల నోటికాడి కూడు మట్టిలో పెట్టావంటయ్యా?" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. బాబాయి కుక్కల్ని పిలుచుకుని వెళ్ళిపోయాడు.

నేను పార పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పటిదాకా తప్పంతా నాదేనని ఏడుస్తున్నాను. తాతయ్య వాగు దగ్గర నిద్రపోలేదని, ఆ మాంసం కుళ్ళడానికే కళ్ళు మూసుకుని కాచుకున్నాడని అప్పుడు తెలిసింది. పంది చావటం కూడా ఆయనకి నా పాఠంలో ఒక భాగమే.

అక్కడితో అయిపోలేదు. పాలు అందాల్సిన నాలుగిళ్ళకీ వెళ్ళి, నా వల్లే మాంసం పాడైందని నా నోటితో చెప్పి రమ్మన్నాడు. రక్తం, మట్టి అంటిన పరికిణీతోనే వెళ్ళాను. మొదటి ఇంటామె నవ్వింది. ఆ నవ్వు నాకు దెబ్బలా తగిలింది. రెండో ఇంట్లో, ఆడపిల్లని తీసుకెళితే ఇంతేనని అరుగు మీద నుంచి ఎవరో అన్నారు. మూడో ఇంట్లో మాట పూర్తి కాకముందే తలుపు వేశారు.

నాలుగోది బాబాయి ఇల్లు. ఆయన అప్పటికి ఇంకా ఇంటికి చేరలేదు. ముగ్గురు పిల్లలు కడుక్కున్న సత్తు గిన్నెలు ముందు పెట్టుకుని గుమ్మంలో వరసగా కూర్చుని ఉన్నారు. లోపల పిన్ని రోట్లో మసాలా నూరుతోంది. ధనియాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వాసన వీధిలోకి వస్తోంది. నేను చెప్పాను. పిన్ని పొత్రం పట్టుకున్న చెయ్యి ఆగింది. చిన్నవాడు తల్లి వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు, వెనక ఏమన్నా దాచానేమోనని వంగి కూడా చూశాడు.

పిన్ని నన్ను తిట్టలేదు. లోపలికి పిలిచి, రవికె పక్కకి తొలగించి నా భుజాలు చూసింది. పట్టీలు కోసిన చోట పసుపు అద్దింది. తర్వాత నూరిన మసాలా పారెయ్యలేక, దాన్నే నీళ్ళలో వేసి కాస్త చింతపండు పిసికి కాచింది. సంగటి ముద్దలు చేసి, అందులో ముంచి పిల్లలకి పెట్టింది. నాకూ ఒక ముద్ద పెట్టింది. నేను వద్దన్నాను. "తిను. పొద్దున్నుంచి తిన్నట్టు లేవు," అంది. ఆ ముగ్గురు పిల్లలూ ఉత్త మసాలా నీళ్ళని వేళ్ళు నాకుతూ తింటుంటే వాళ్ళ మధ్య కూర్చుని తిన్నాను. దీనికంటే తాతయ్య నన్ను కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

బాబాయి ఆ తర్వాత ఎప్పుడూ మా తాతయ్యతో కొండెక్కలేదు. తాతయ్య ఒకసారి నాచేత వాళ్ళింటికి జొన్నలు పంపిస్తే పిన్ని మూట కూడా విప్పకుండా తిప్పి పంపింది. కుక్కలు లేకుండా తాతయ్య ఒంటరిగా ఏమీ చెయ్యలేకపోయాడు. మరుసటి ఏడాది పందులు మా చేను సగానికి సగం పడుకోబెట్టాయి. ఆయన గట్టు మీద కూర్చుని చూశాడే తప్ప బాబాయిని పిలవలేదు, ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. నన్ను ప్రేమించలేదని అనను. జ్వరమొస్తే రాత్రంతా తల దగ్గర కూర్చున్నది ఆయనే. ఆ మనిషే ఈ పనీ చేశాడు.

పెద్దయ్యాక నరసరావుపేటలో ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. తాతయ్య నేర్పింది నాకు పనికిరాలేదని అంటే అబద్ధమవుతుంది. ఈ రోజుకీ ఏ సంచి కొన్నా నా చెయ్యి ముందు పట్టీ కుట్టు మీదికి పోతుంది. వెళ్ళేటప్పుడు ఎంత అందంగా ఉంటుందని కాదు, వచ్చేటప్పుడు ఏం మోస్తుందని చూస్తాను. ఆయన అన్నట్టే నేను మర్చిపోలేదు.

కానీ బోర్డు దగ్గర ఒక పిల్ల రెండో మెట్టులోనే లెక్క తప్పుతుంటే, చివరిదాకా పోనిచ్చి అందరి ముందూ పట్టుకోవడం నా వల్ల కాలేదు. పడితేనే గట్టిపడతారని తోటి మాష్టార్లు చెప్పేవారు. నిజమేనేమో. నేను మాత్రం అక్కడికక్కడే చెప్పేశాను. ఇంట్లో పిల్లలు నన్ను నస అంటారు, అననీ. చెప్పాక వినకపోతే అది వాళ్ళ ఇష్టం. తెలిసీ చెప్పకుండా కూర్చుంటే ఆ కూర్చున్నందుకు ఇంకెవరి గిన్నె ఖాళీ అవుతుందో నాకు తెలుసు.