తలపాగా పెట్టెలో బల్లి

డిసెంబరు వానలు మొదలై వారం దాటితే చాలు, క్లెమెంటిలోని నా ఫ్లాట్‌లో హాలు మూలనున్న టేకు పెట్టె చెమ్మకు ఉబ్బి వాసన వేయడం మొదలుపెడుతుంది. కలరా ఉండలు, పాత టేకు, ఇత్తడి మూలలకు పట్టిన చిలుము, వీటన్నిటికీ అడుగున ఎక్కడో తడి కొబ్బరిపీచు వాసన. మొదటి మూడూ మా ముత్తాతగారి కాలంవి. కొబ్బరిపీచు నాది. ఎన్నిసార్లు తుడిచినా పోలేదు. పోవాలని నేను గట్టిగా తుడిచిందీ లేదు.

మా ముత్తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి సముద్రం దాటి ఈ ద్వీపదేశానికొచ్చి, కలప వ్యాపారంలో నిలదొక్కుకుని, గేటూ తోటా ఉన్న బంగళా కట్టారు. పెళ్లిళ్లకూ సభలకూ ఆయన పెట్టుకెళ్లే జరీ తలపాగా కోసం మూడు పక్కల అద్దంతో, వెనక చెక్కతో ఈ పెట్టె చేయించారట. ఆ వ్యాపారం ఎలా పోయిందన్నది మా ఇంట్లో మాట్లాడుకునే విషయం కాదు. ఇక్కడా మాట్లాడను. నాకు ఏడేళ్లు వచ్చేసరికి బంగళా పరాయివాళ్లదైంది. మా అమ్మ అంతకుముందే పోయింది. నాన్నగారు, నానమ్మ, నేను, ఈ పెట్టె, టోవా పాయోలో పన్నెండో అంతస్తులోని ఒక చిన్న ఫ్లాట్‌లోకి వచ్చాం.

నానమ్మ కుర్చీకి జారగిలబడి కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. నాలుగింటికి కాఫీ తాగేటప్పుడు కూడా, ఎదురుగా ఎవరో పెద్దమనుషులు కూర్చున్నట్టు, వీపు నిటారుగా పెట్టుకుని గంజి పెట్టిన చీరలో కూర్చునేది. ఉగాదికి టెక్కా బజారులో వేపపువ్వు దొరక్కపోతే లేత వేపాకు తెప్పించి పచ్చడి చేసేది, దీపావళికి వంటింట్లో చోటు చాలక హాల్లో పాత పేపర్లు పరిచి అరిసెలు ఆరబెట్టేది, ఆ బెల్లం వాసనకు కారిడార్‌లో పోయేవాళ్లు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి చూస్తే, చేతిలో నాలుగు అరిసెలు పెట్టి పంపేది తప్ప లోపలికి రమ్మనేది కాదు. చైనావాళ్ల ఏడో నెలలో కింద వాళ్లు చనిపోయిన పెద్దల పేరిట కాగితాలు కాల్చే పొగ, డురియన్ పళ్ల కాలంలో మెట్లంతా నిండే ఆ ఘాటు, వెదురు గడలకు ఆరేసిన పన్నెండు అంతస్తుల బట్టలు గాలికి కొట్టుకునే చప్పుడు, ఇవన్నీ నేను కిటికీ ఊచల లోపలి నుంచే తెలుసుకున్నాను. బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో నా ఈడు ఆడపిల్లలు గింజలు నింపిన చిన్న గుడ్డసంచులతో ఫైవ్ స్టోన్స్ ఆడేవారు. అది మన అచ్చనగిల్లలే. నేను కిందికి వెళ్తానంటే నానమ్మ, "మనింటి పిల్లలు వీధిలో చతికిలబడి ఆడలేదమ్మా" అనేది. అందుకని పూలకుండీలోంచి ఏరిన అయిదు గులకరాళ్లతో హాల్లో ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని. ఒంటరిగా ఆడితే ఎప్పుడూ మన వంతే. ఆ ఆటకు ఉన్న సుఖం అదొక్కటే.

పదో ఏట లైబ్రరీలో ఒక పుస్తకం దొరికింది. మొదటిసారి లెపర్డ్ గెకోను పెంచుకునేవారు దానికి క్షేమమైన ఇల్లు ఎలా అమర్చాలో చెప్పే పుస్తకం. పసుపుపచ్చ ఒంటిమీద నల్లమచ్చలు, నవ్వుతున్నట్టుండే నోరు. ఎడారి నేలల బల్లి. ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి నాన్నగారికి చూపించాను.

"ఇది ఈ దేశంలో పెంచకూడదమ్మా. పర్మిషన్ లేదు" అన్నారు ఆయన.

"వై కెనాట్? చిన్నదే లా."

"ఆ వీధి మాటల 'లా' ఏటి మనింట్లో" అంది నానమ్మ, తమలపాకు ఈనె తీస్తూ. "అయినా బల్లిని పెంచడం ఏటే గుంటా? మన గోడమీద నాలుగున్నాయి కదా, పెంచుకో."

ఎకసెక్కానికి అన్న మాటే. నేను అనుమతిగా తీసుకున్నాను.

ఆ నాలుగింటిలో తోక తెగినది ఒకటి వంటింటి ట్యూబ్‌లైటు పక్కన, గోడ క్యాలెండరు వెనక ఉండేది. దాని పేరు పంతులు. పెట్టింది నానమ్మే, ఎందుకంటే ఆవిడ చెప్పిన మాటకు ముహూర్తం చూసినట్టు పలికేది. రోజూ సాయంత్రం దీపం పెట్టి, ఎవరితోనూ కాకుండా, "మనం మళ్లీ ఆ గడప తొక్కుతాం" అనేది. ఏ పదిరోజులకో ఒకసారి పంతులు క్యాలెండరు వెనక నుంచి టిక్ టిక్ మనేది. వెంటనే నానమ్మ వేలి కణుపుతో బల్లచెక్క మీద మూడుసార్లు కొట్టి "సత్యం" అనేది. నాన్నగారు పేపరు ఇంకొంచెం పైకెత్తి పట్టుకునేవారు.

అంతలో లిఫ్టు దగ్గర నోటీసు అంటించారు. శనివారం బ్లాకంతా, చెత్త కిందికి జారవిడిచే గొట్టాలతో సహా, బొద్దింకల మందు కొడతారని. నాన్నగారు చదివి వినిపించగానే నానమ్మ ముఖం క్యాలెండరు వైపు తిరిగింది.

"మరి పంతులో?" అంది.

ఇంట్లో ఉన్న అద్దాల పెట్టె ఒక్కటే. ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. నానమ్మే లేచి, ముత్తాతగారి తలపాగాను రెండు చేతులతో పైకి తీసి, మెత్తటి మల్లుగుడ్డలో చుట్టి, తన దిండు పక్కన పెట్టుకుంది. "తలపాగా ఎక్కడున్నా తలపాగాయే. దాన్నయితే మందు చంపీదు" అంది.

ఆ శుక్రవారం సాయంత్రం నా బాల్యంలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న సాయంత్రం. పుస్తకం నేలమీద తెరిచి పెట్టి, దానిలో ఉన్నది ఉన్నట్టు చేశాం. ఒక వైపు వెచ్చగా, ఒక వైపు చల్లగా ఉండాలంటే నాన్నగారు తన టేబుల్ ల్యాంపు తెచ్చి ఒక చివర అమర్చారు. గాలి ఆడాలంటే వెనక చెక్క ఊడదీసి దోమతెర బిగించారు. దాక్కోడానికి గూడు కావాలంటే నేను కొబ్బరిచిప్పకు గుమ్మం చెక్కాను. తేమ ఉండాలంటే పీచు తడిపి పరిచాను. ఇసుక వేయొద్దంటే కాగితం వేశాను. పిట్టల కొట్లో అమ్మే కీచురాళ్లకు కాల్షియం పొడి అద్ది పెట్టమని ఉంటే, సున్నమే కదా అని నానమ్మ తన తాంబూలపు సున్నం డబ్బీ తీసి ఇవ్వబోయింది.

"అది వేరు, ఇది వేరమ్మా. నోరు కాలిపోద్ది దానికి" అని నాన్నగారు నవ్వారు. ఆయన నవ్వడం చూసి నానమ్మా నవ్వింది. ముగ్గురం ఒకే పనిమీద నేలమీద కూర్చున్నది ఆ ఒక్క సాయంత్రమే.

ఆ రాత్రే నాన్నగారు పంతుల్ని గోడమీంచి పట్టి పెట్టెలో వదిలారు. పుస్తకంలోని బల్లి నేలమీద తిరిగేది. మాది అద్దాలెక్కేది. నేను అంత శ్రద్ధగా చెక్కిన కొబ్బరిచిప్ప వైపు అది ఒక్కసారీ చూడలేదు. అద్దానికి అతుక్కుని, తెల్లటి పొట్ట మాకు చూపిస్తూ, ముఖం క్యాలెండరు గోడ వైపు పెట్టి ఉండేది. గిన్నెలో నీళ్లు తాగేది కాదు. ఒకరోజు నా తడిచేతి నుంచి అద్దం మీద పడ్డ చుక్కల్ని గులాబీరంగు నాలుకతో నాకింది. ఆనాటి నుంచి బడికి వెళ్లేముందు, వచ్చాక, వేళ్లు తడిపి చిలకరించేదాన్ని. మందు కొట్టాక గోడల మీద మిగతా మూడూ కనిపించలేదు, అందుకని దీన్ని వెంటనే బయటికి వదల్లేదు. పంతులు మాత్రం బతికింది, కీచురాళ్లు తింది, నేను బడి నుంచి వచ్చి చెప్పేదంతా రెప్పలేని కళ్లతో విన్నది. నా మాటలు మధ్యలో ఆపకుండా విన్న మొదటి ప్రాణి అదే.

కాని పలకలేదు.

నానమ్మ రోజూ దీపం పెట్టి, పెట్టె వైపు తిరిగి, గడప మాట అనేది. కాసేపు ఆగేది. వేలి కణుపు బల్లచెక్క మీద సిద్ధంగా ఉండేది. రోజులు వారాలయ్యాయి. ఆవిడ కాఫీ సగం గ్లాసు వదిలేయడం మొదలుపెట్టింది. "దీనికి మనమీద కోపమొచ్చినట్టున్నాది" అని ఒకసారి అంది, నవ్వకుండా.

ఒక ఆదివారం నాన్నగారు నన్ను కారిడార్‌లోకి పిలిచి, బంగళా కూల్చేశారని, ఆ స్థలంలో పెద్ద కాండో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయని చెప్పారు. "నానమ్మకు చెప్పకు" అన్నారు.

ఆ సాయంత్రం దీపం వెలిగింది. "మనం మళ్లీ ఆ గడప తొక్కుతాం" అంది నానమ్మ. పెట్టెలో పంతులు అద్దానికి అతుక్కుని కదలకుండా ఉంది. నేను పెట్టె వెనక నేలమీద కూర్చుని, నాలుకను అంగిటికి తాటించి, టిక్ టిక్ టిక్ మనిపించాను.

నానమ్మ చెయ్యి లేచింది. బల్లచెక్క మీద ఒకసారి కొట్టింది. రెండోసారి కొట్టలేదు. పెట్టె వెనకనున్న నన్ను చూసి, నాన్నగారి వైపు తిరిగి, "ఇల్లు పడగొట్టీసేరా?" అంది.

నాన్నగారు పేపరు దించారు.

"అబద్ధానికి పంతుల్ని సాక్ష్యం పెట్టకూడదమ్మా" అంది నాతో, కోపం లేకుండా. తర్వాత కొంచెంసేపటికి, "రేపు దాన్ని వదిలీ. నువ్వూ కిందికెళ్లి ఆడుకో. ఎవరేమనుకుంటే మనకేటి."

మర్నాడు బడి నుంచి వచ్చి దోమతెర విప్పాను. ల్యాంపు ఆర్పేదాకా అది కదల్లేదు. ఆర్పాక గోడ పట్టుకుని పాకి క్యాలెండరు వెనక్కి వెళ్లిపోయింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా. బల్లులు చూడవని పుస్తకంలో లేదు. పదేళ్లదాన్ని, చూస్తుందనుకున్నాను.

నా అయిదు రాళ్లూ గౌను జేబులో వేసుకుని కిందికి దిగాను. ఆడుతున్న పిల్లల్లో ఒకమ్మాయి జరిగి చోటిచ్చి, "కమ్ లా, సిట్" అంది. నేను వీపు నిటారుగా పెట్టుకుని, "జస్ట్ వాచింగ్" అన్నాను. కాసేపు చూసి, లిఫ్టెక్కి వచ్చేశాను. వాళ్లు మళ్లీ పిలవలేదు. వాళ్లను నేను తప్పు పట్టను.

మూడోరోజు నానమ్మ గంజి వారుస్తుంటే క్యాలెండరు వెనక నుంచి పంతులు పలికింది. ఆవిడ అలవాటుగా గట్టు మీద మూడుసార్లు కొట్టి, నా వైపు తిరిగి, "నేనేటన్నాను?" అంది.

"ఏమీ అనలేదు నానమ్మా."

"ఊరికే పలుకుతాది కాబోలు" అంది. గడప మాట మళ్లీ ఆవిడ నోట వినలేదు.

ఇప్పుడు ఆ పెట్టెలో తలపాగా యథాస్థానంలో ఉంది. జరీ నల్లబడింది. నానమ్మ లేదు, నాన్నగారు లేరు, టోవా పాయో ఫ్లాట్‌లో వేరెవరో ఉంటున్నారు, నా అయిదు రాళ్లు ఏమయ్యాయో తెలియదు. ఈ ఫ్లాట్‌లో కూడా ఫ్రిజ్ వెనక ఒక బల్లి ఉంది. ఎప్పుడో ఒకప్పుడు పలుకుతుంది. నా చెయ్యి దానంతటదే లేచి వేలి కణుపు బల్లను వెతుక్కుంటుంది, కాని కొట్టను. సత్యం అనాలంటే అంతకుముందు ఎవరో ఒకరు ఒక మాట అని ఉండాలి. పొద్దుటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.