పండగ లేదన్న ఇల్లు

మొన్న మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక ఫారం వచ్చింది. ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు దీపావళికి బట్టలు, పలహారాలు ఇస్తారట. తెలిసినవాళ్లు అలాంటి ఇళ్ల వివరాలు నింపి పంపాలట. ఇంటి పెద్ద పేరు, ఆధార్ నంబరు, పిల్లలెందరు, ఏం కష్టం వచ్చింది, చివర్లో ఇంటి ముందు అందరూ నిలబడిన ఫొటో. ఎదురింటి కోడలు మంచి పిల్ల. పనిగట్టుకొని వచ్చి, "అత్తా, మీకు ఈ వీధిలో అందురూ తెలుసు గదా, నాలుగు పేర్లు చెప్పండి, నేనే టైప్ చేస్తాను" అని ఫోను పట్టుకొని కూర్చుంది. కష్టం ఏమిటి అనే గడి దగ్గరికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి పోయాను. కాఫీ ఇచ్చి, రేపు చెబుతానని పంపేశాను. మంచి పనికి అడ్డుపడే మనిషిని కాను. మిల్లు టైమాఫీసులో ముప్పై ఏళ్లు హాజరు పట్టీలు రాసినదాన్ని, ఫారాలంటే భయమూ లేదు. కాని ఆ గడి చూడగానే మా చిన్నమ్మ, ఆమె వెనకే ఇంకో ఇల్లు గుర్తొచ్చి ఆ రోజంతా మనసు బాగాలేదు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే ఒక కుట్టుమిషను కొనుక్కొని మా ఇంటి ముందు గదిలో వేసుకొంది. ఈ తమిళనాడు రాజపాళయంలో మా వైపు వీధుల్లో మూడు తరాల ఆడవాళ్ల రవికలు ఆమె చేతి మీదే నడిచాయి. కత్తెర కన్నా ఆమె నోరే పదునని పేరు. మెడ కాస్త కిందికి దించమన్న కొత్త పెళ్లికూతురిని "వద్దులే, జలుబు చేస్తాది" అని ఒక్క మాటతో కొట్టిపారేసేది. పెళ్లికూతురు కళ్లనీళ్లు పెట్టుకొనేది గాని ఇంకో దర్జీ దగ్గరికి మాత్రం పోయేది కాదు. దీపావళికి నెల ముందు నుంచి మా ముందు గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఎక్కడ చూసినా పావడ అంచులు, కత్తిరింపు ముక్కలు, కొత్త గుడ్డ గంజి వాసన, మిషను నూనె వాసన. పండగ పది రోజులుందనగా ఒక సాయంత్రం ఆమె మిషను ఆపి, కళ్లు మూసుకొని వీధి మొదటి నుంచి చివరి దాకా ఒక్కో ఇల్లూ తలచుకొనేది. ఎవరు గుడ్డ తెచ్చారని కాదు, ఎవరు తేలేదని. ఏటా తెచ్చే ఇల్లు ఆ ఏడు తేలేదంటే అక్కడ ఏదో జరిగిందని అర్థం. అంతే ఆమె విచారణ. నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడిగేది కాదు. పిల్లల కొలతలు పోయిన ఏటివి ఆమె దగ్గర ఉండనే ఉన్నాయి. వాటికి ఒక అంగుళం కలిపి కుట్టేసేది.

గుడ్డ రెండు పెద్దిళ్ల నుంచి వచ్చేది. మిల్లులున్నవాళ్లు. ఒకసారి వాళ్లలో ఒకావిడ తానే వచ్చి తన చేత్తో ఇస్తానంటే, "గుడ్డ పంపండమ్మా, మీరు రావద్దండి" అని మొహం మీదే చెప్పేసింది. ఆ మాటకు నాకు చెమటలు పట్టాయి. ఆవిడ మిల్లులోనే నా ఉద్యోగం. చిన్నమ్మ ఇచ్చే తీరు వేరు. పొట్లం చంకలో పెట్టుకొని, దారిన పోతూ తొంగిచూసినట్టు వాకిట్లో నిలబడి, "పోయిన ఏడు మీ తుణి నా దగ్గిరే మిగిలిపోయినాది. ఇప్పుడే కండ్లబడినాది, కుట్టేసినా" అనేది. మిగిలిపోయిన గుడ్డ లేదని తీసుకొనేవాళ్లకీ తెలుసు. ఆ అబద్ధానికి ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఆమె కాళ్లు నొప్పులు పెట్టాక పొట్లాలు మోసే పని నాకు వచ్చింది.

ఇది పదేళ్ల కిందటి మాట. మా వీధి చివర ఒక ఇల్లుండేది. భర్త సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసే షెడ్డులో మగ్గం చూసేవాడు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి పదకొండు, చిన్నదానికి ఎనిమిది. ఏటా దీపావళికి అందరికన్నా ముందు గుడ్డ తెచ్చేది ఆ ఇంటి ఇల్లాలే. తమ గుడ్డతో పాటు ఇంకో ముక్క అదనంగా పెట్టి, "దీన్ని ఎవురికన్నా కుట్టియ్యక్కా" అని గొంతు తగ్గించి చెప్పిపోయేది. ఆ ఏడు ఆమె రాలేదు. చిన్నమ్మ వారం రోజులు చూసి, దాచుకొన్న మంచి ఆకుపచ్చ గుడ్డ తీసి, ఆవపువ్వు రంగు అంచు వేసి ఇద్దరు పిల్లలకీ పావడలు, రవికలు కుట్టింది. చిన్నదాని పావడకు ఎవరూ అడక్కపోయినా రెండు వరసల కుచ్చు పెట్టింది.

పొట్లం ఇంకా ఇవ్వకముందే, పండగ నాలుగు రోజులుందనగా, ఆ ఇల్లాలు కొళాయి దగ్గర నాకు కనబడింది. నేనేమీ అడగలేదు. ఆమే బిందె వైపు చూస్తూ అంది: "ఈ ఏడు మాకు పండగ లేదక్కా. సేత్తూరులో మా ఇంటాయన పెద్దనాయన పోయినాడు. తీట్టు."

తీట్టు అంటే మైల. దాయాదుల్లో చావు జరిగిన ఏడు మా వాళ్లు పండగ చేయరు. తలంటు ఉండదు, కొత్త బట్ట కట్టరు. అలాంటి ఇంటికి రంగు గుడ్డ పట్టుకొని పోవడం అంటే వాళ్ల చావును లెక్కచేయనట్టే. ఆచారాలు తెలిసినదాన్నని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఇంటికొచ్చి చెప్పాను. చిన్నమ్మ కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది.

"ఎప్పుడు పోయినాడంట? సావుకని ఈ ఇంటోళ్లు బస్సెక్కినట్టు నేను చూళ్లేదే."

"వాళ్లు ఎప్పుడు పోయినారో నీకు చెప్పి పోవాల్నా? సావింటికి పచ్చ పావడలు ఎత్తుకొనిపోతే మర్యాదగా ఉంటాదా చిన్నమ్మా?"

ఆమె పొట్లం దారం ముడి బిగించింది. "సరి, నువ్వు సదువుకొన్నదానివి" అని బీరువాలో పెట్టేసింది. నా మాటకు ఆమె తలవంచడం అదే మొదటిసారి. నాకు లోపల సంతోషంగా కూడా అనిపించింది. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

దీపావళి పొద్దున వీధంతా టపాసుల పొగ, అతిరసాల నూనె వాసన. నేను కోవెలకు పోతూ ఆ ఇంటి ముందు నుంచే పోయాను. వాకిలి తెరిచే ఉంది. చావు జరిగిన ఇల్లు గదా, పట్టుచీర కట్టుకొని పలకరించడం బాగుండదని తల తిప్పుకొని నడిచాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ముసలాయన, తెల్ల పంచె, భుజాన బియ్యం సంచి, చేతిలో అరటి అత్తం, చెమటలు కక్కుతూ వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "అమ్మా, సత్రపట్టి షెడ్డుకి పోతాండె మా తమ్ముని కొడుకు ఇల్లు ఏది? షెడ్డు మూసేసి మూడు నెల్లయినాదంట, నాకు నిన్ననే తెలిసినాది. సేత్తూరు నించి వస్తాన్నా" అన్నాడు. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి, "మీరు వాళ్లకు ఏమవుతారు?" అంది. "పెద్దనాయన. ఇంకెవురున్నారమ్మా వాళ్లకి" అన్నాడు. చనిపోయిన మనిషి మా గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగి తాగాడు. ఇంకెవరి కథైనా అయితే పడీ పడీ నవ్వేదాన్ని.

ఆయన పోయాక నేను పరుగున బీరువా తెరిచాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకొంది. "ఇప్పుడు ఎత్తుకొనిపోతే, నువ్వు పొయ్యి చెప్పినావు అని ఆ బిడ్డ మొహానే చెప్పినట్టు. వద్దు." పొయ్యి అంటే అబద్ధం. సాయంత్రం పక్కింటామె ఆ ముసలాయన ఎవరని ఆరా తీస్తే, "పోయినాయనకి తమ్ముడంట. ఇద్దురిదీ ఒకే అచ్చు" అని తడుముకోకుండా చెప్పింది. ఆ ఇంటి పరువు వీధిలో అలా నిలిచింది. ఇంకో నాలుగు నెలలకు వాళ్లు తిరుప్పూరు వెళ్లిపోయారు. ఆ పావడలు వేరే పిల్లలకు ఇద్దామన్నాను. "ఆ అళవు వాళ్లదే" అంది చిన్నమ్మ. అళవు అంటే కొలత.

మూడేళ్ల కిందట షేర్ ఆటోలో ఒకమ్మాయి నా పక్కన కూర్చొని, "మిల్లత్తా, నన్ను తెలిసినాదా?" అంది. వాళ్ల పెద్దపిల్ల. తండ్రి పోయాడట, తల్లినీ చెల్లెలినీ తీసుకొని తిరిగి వచ్చేసిందట. చిన్నమ్మ ఎలా ఉందని అడిగింది. తర్వాత నవ్వుతూనే ఆ దీపావళి మాట ఎత్తింది. "ఆ ఏడు మీ చిన్నమ్మ వస్తాదని మా అమ్మ శానా చూసినాది అత్తా. నేను పండగ లేదన్నా ఆమె నమ్మదు, ఏదో ఒక సాకు చెప్పి ఇచ్చేసి పోతాది అని, తెల్లారే మాకు తలకు పోసి వాకిలి తెరిచిపెట్టుకొని కూసున్నాది. చెల్లెలు మధ్యాన్నం దాంకా తుండు చుట్టుకొనే ఉన్నాది. పాత గౌను ఏసుకోవే అంటే, కొత్తది వస్తాది అని ఒకటే ఏడుపు."

ఆటోలో ఇంకా నలుగురున్నారు. చిన్నమ్మ నమ్మలేదమ్మా, నమ్మినదాన్ని నేను, అని చెప్పాలనుకొన్నాను. చెప్పలేదు. తెరిచి ఉన్న ఆ వాకిలి ముందు నుంచి తల తిప్పుకొని పోయింది నేనే. ఇంటికి వచ్చాక చిన్నమ్మకు వాళ్లు కనబడ్డారని, బాగున్నారని మాత్రం చెప్పాను. చూపు ఆనని ఆ కళ్లు నా వైపు తిప్పి, "పాప పొడుగైనాదా?" అని అడిగింది. అయిందన్నాను. పోయిన ఏడు ఆమె కన్నుమూసే దాకా మిగతాది నా కడుపులోనే పెట్టుకొన్నాను.

దీపావళి ఏటా వస్తూనే ఉంది, ఈసారీ వస్తోంది. ఆ చిన్నపిల్లకు ఎనిమిదేళ్లు ఉన్నది మాత్రం ఆ ఒక్క దీపావళికే.