గ్లాసుడు నీళ్ల ప్రయాణికుడు

గడప దాటిన గుహన్ వెనక్కి వస్తాడు. చెప్పులు విడుస్తాడు. గోడవారగా కూర్చుని గ్లాసుడు నీళ్లు తాగుతాడు. లేచి మళ్లీ బయలుదేరుతాడు. కారణం ఒక్కటే. ఎవరో "యాడికి?" అని అడిగారు.

ప్రయాణమయ్యేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. అడిగితే పని చెడుతుంది. పొదటూరుపేటలో ఈ సంగతి అందరికీ తెలుసు, అయినా అందరూ అడుగుతారు. వెళ్లేవాళ్లు మనసులో తిట్టుకుని వెళ్లిపోతారు. గుహన్ మాత్రం వెనక్కి వస్తాడు.

అతను నా చెల్లెలు శ్రీవాసవి భర్త. ఎదురింట్లోనే ఉంటారు. వాళ్లది మళిగె అంగడి. పప్పు, బెల్లం, చింతపండు తూచి బతికిన వంశం. అందులో గుహన్ ఒక్కడికే కెమెరా అబ్బింది. అతని కార్డు మీద ఒకవైపు 'సోలో ట్రావెలర్, అడ్వెంచర్ ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్' అని ఉంటుంది. రెండోవైపు 'మేలైన కందిపప్పు మావద్ద దొరకును' అని ఉంటుంది. రెండూ నిజమే.

ఒంటరిగా వెళ్లేవాడికి సామాను ఎక్కువ కావాలంటాడు. దిక్సూచి, ఈల, టార్చి, ముక్కాలి స్టాండు, నారింజ రంగు తాడు. ఆ తాడు కొండలెక్కేవాళ్లు వాడేది. కొన్న రోజు వీధిలో అందరికీ చూపించాడు.

"ఇది ఏనుగునైనా ఆపతాది బావా."

"ఏనుగు యాడుంది ఇక్కడ?"

"ఉంటే ఆపతాది."

మొదట్లో బస్సులో వెళ్లేవాడు. ఒకసారి కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టర్ వచ్చి "ఎంగప్పా?" అన్నాడు. గుహన్ లేచి దిగిపోయాడు. ఇంటికొచ్చి నీళ్లు తాగి మళ్లీ బస్సెక్కాడు. మళ్లీ అదే కండక్టర్. అదే ప్రశ్న.

"ఆయన పనే అది గదా!" అన్నాను.

"తమిళంలో అడిగినాడని ఒకసారి విడిచిపెట్టి చూస్తి బావా. ఆ పొద్దు లెన్సు మూత పోయింది."

అందుకే స్కూటర్ కొన్నాడు. స్కూటర్ ఏమీ అడగదు. ఫోన్ అడుగుతుంది. దారి చూపే యాప్ తెరవగానే 'ఎక్కడికి?' అని ఒక గడి వచ్చింది. గుహన్ ఫోన్ కింద పెట్టి, నీళ్లు తాగి, దిక్సూచి తీసుకున్నాడు.

ఇలాంటి మనిషికి సూర్యోదయం ఎలా దొరుకుతుంది? చీకటితో బయలుదేరినా కొండ చేరేసరికి ఎండ మాడుతుంటుంది. అతని ఫోటోలన్నీ అప్పటివే. తెల్లటి ఆకాశం, తెల్లటి బండలు, నీడ వెతుక్కుంటున్న మేక. తిరువళ్ళూరు ఫోటో సంఘం వాళ్లు ఏటా సూర్యోదయాల ప్రదర్శన పెడతారు. గుహన్ ఏటా పంపుతాడు. ఏటా తిరిగొస్తుంది. పోయిన ఏడు ఒక ముక్క కూడా రాశారు. 'మేక బాగుంది. సూర్యుడు లేడు.'

ఈ ఏడు శ్రీవాసవి ఒక మాటన్నది.

"ఈ తూరి నీ ఫోటో వాళ్ల గోడకెక్కలేదంటే కెమెరా అటకెక్కతాది. అంతే."

"అది ల్యాండ్‌స్కేప్ కెమెరా వాసవీ. అటక మీద ఏం తీస్తాది?"

"బల్లుల్ని."

ఆమె అన్నదంటే చేస్తుంది. గుహన్ ఆ పూట కందిపప్పుకు బదులు పెసరపప్పు తూచి ఇచ్చాడు. ఫోటో పంపడానికి గడువు ఆదివారం సాయంత్రం. మిగిలినవి శని, ఆది తెల్లవారుజాములు.

కెమెరా అటకెక్కడం నాకిష్టం లేదు. నిజానికి మా చెల్లెలికీ ఇష్టం లేదు. శుక్రవారం ఇద్దరం వీధంతా తిరిగి అందరికీ చెప్పాం. రేపు గుహన్ను ఎవరూ అడగకూడదు. పాలు పోసే నాగలింగం ఒప్పుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ అనొచ్చునా?"

"అనొచ్చు. అక్కడితో ఆపు."

అసలు చిక్కు కుప్పమ్మవ్వ. రోజూ అందరికంటే ముందు అడిగేది ఆమే. మేం పక్కల మీద ఉండగానే గొంతు వినిపించేది. "యారురా? గుహనా? యాడికిరా పోతాండావు?" ఆ తర్వాత చాలాసేపు స్కూటర్ చప్పుడు ఉండేది కాదు. పాపం గుహన్, దారిలో కుప్పమ్మ ఇల్లు పడిందే అనుకుని అటు తిరిగి పడుకునేవాళ్లం.

శ్రీవాసవి ఆమె చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టుకు కుప్పమ్మ మొహం చిన్నబోయింది.

"ఒక్క మాటేగదమ్మా అడిగేది."

"ఆ ఒక్క మాటేనవ్వా వద్దనేది."

శనివారం చీకటితోనే నేనూ చెల్లెలూ మా కిటికీ దగ్గర నిలబడ్డాం. గుహన్ బయటికొచ్చాడు. వీధి నిశ్శబ్దం. నాగలింగం గుడ్ మార్నింగ్ అని, రెండు చేతులతో నోరు మూసుకుని వెళ్లిపోయాడు. గుహన్ స్కూటర్ స్టార్ట్ చేయలేదు. తోసుకుంటూ ఎడమవైపు తిరిగాడు.

"అన్నా, కొండ కుడివైపు గదా?" అంది శ్రీవాసవి.

"అవును."

"ఎడమవైపు ఏముండాది?"

ఎడమవైపు వీధి ఆగిపోతుంది. అక్కడ కుప్పమ్మ ఇల్లు అడ్డంగా ఉంటుంది. ఆమె ఇల్లు ఎక్కడికి వెళ్లే దారిలోనూ లేదు. ఇన్నేళ్లలో మాకెవరికీ ఈ ఆలోచన రాలేదు.

మేం చెప్పుల్లేకుండా వెనకాలే నడిచాం. కుప్పమ్మ తిన్నె మీద కూర్చుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"అవ్వా, పోతాండా," అన్నాడు గుహన్.

ఆమె తల ఊపింది.

"కెమెరా తీసుకున్నా. తాడు గూడా తీసుకున్నా."

ఆమె మళ్లీ తల ఊపింది.

గుహన్ స్కూటర్ పట్టుకుని నిలబడ్డాడు. ఆకాశం పలచబడుతోంది. "ఏమవ్వా, కోపమా? అడగవా?"

ఆమె కొంగు తీసింది. "నీ పెండ్లాం ఒట్టేయించుకుండాదిరా."

"ఏమని?"

"యాడికని అడగొద్దని."

మాట బయటపడ్డాక నాలుక కరుచుకుంది. "అయ్యయ్యో, అనేస్తినే!"

గుహన్ మొహం వెలిగిపోయింది. స్కూటర్‌కు స్టాండు వేశాడు. "ఇంకేం చేసేది? కూర్చోవాల్సిందే. నీళ్లు ఇయ్యి."

నీళ్లు తాగాడు. కెమెరా వెనక తెర వెలిగించి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నిన్న పోయింది ఈడికి. ఇది నగరి కొండ ఇంకో పక్క."

"నేను చిన్నపుడు కట్టెలకు పోతి ఆ పక్కకు. చింత చెట్టు ఉండాదా?"

"ఉండాది. ఇదిగో."

"ఈ మేక మొన్నటిదే గదరా?"

"కాదవ్వా. మొన్నటిది ఆడది."

"గడ్డం ఒకే మాదిరి ఉండాది."

మోకాళ్లు పట్టేశాక కుప్పమ్మ తిన్నె దిగింది లేదు. ఇలా రోజూ కొండ ఆమె ఒళ్లోకి వచ్చేదన్నమాట. రావడానికి ఆమె ఒక్క మాట అడగాలి, అతను ఒక్క గ్లాసు నీళ్లు తాగాలి. నేరుగా వచ్చి కూర్చుంటే, నా కోసం పని చెడగొట్టుకోవద్దురా అని తరిమేసేది. శకునం అడ్డం పడితే మాత్రం ఎవరేం చేస్తారు?

సూర్యుడు లేచాడు. ఎవరూ ఫోటో తీయలేదు.

శ్రీవాసవి ముందుకొచ్చింది. గుహన్ గబుక్కున లేచాడు. ఆమె కెమెరా వైపు చూసింది, గ్లాసు వైపు చూసింది.

"రేపు ఒక పొద్దు ఉండాది," అంది. "ఆయమ్మను గూడా పిలుచుకొని పోండి."

"నేను సోలో గదా!"

"నేను నోరు తెరవను," అంది కుప్పమ్మ. "నన్ను మూటనుకోరా."

మరునాడు గుహన్ గడప దాటాడు. ఎవరూ అడగలేదు. ఎడమవైపు తిరిగాడు. కుప్పమ్మ పట్టుచీర కట్టుకుని, పెరుగన్నం డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆమెను పట్టుచీరలో అతనెప్పుడూ చూడలేదు. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"యాడికవ్వా?"

కుప్పమ్మ అతన్ని కాల్చేసేలా చూసింది. వెనక్కి తిరిగింది. చెప్పులు విడిచింది. మోకాళ్లు పట్టుకుని లోపలికెళ్లి, నడవలో కూర్చుని, గ్లాసు ఎత్తింది.

అది పాత ఇల్లు. వీధి తలుపు, నడవ తలుపు, పెరటి తలుపు ఒకే వరుసలో ఉంటాయి. పెరటి తలుపు తీసి ఉంది. అవతల తూర్పు. కుప్పమ్మ ఎత్తిన గ్లాసు వెనక సూర్యుడు లేచాడు. గుహన్ తిన్నె మీదే బోర్లా పడుకుని ఫోటో తీశాడు.

సాయంత్రం దాన్నే పంపాడు. అందులో కొండ లేదు. సంఘం వాళ్లు అయినా గోడకెక్కించారు. దాని కింద 'సోలో' అని పేరుంది.

అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం, ఎండ బాగా వచ్చేశాక, గుహన్ కుప్పమ్మను స్కూటర్ వెనక ఎక్కించాడు. నారింజ రంగు తాడుతో ఆమెను తన నడుముకు కట్టుకున్నాడు. మేకను చూపించడానికి కుడివైపు తిరిగాడు.