అమ్మకు పంపిన ఆటో నంబర్

సాయంత్రం పత్తర్‌గట్టిలో ఆటో ఎక్కేముందు ఎప్పటిలాగే దొంగచాటుగా నంబర్ ప్లేట్ ఫోటో తీసి అమ్మకు పంపాను. ఆవిడ ఆజ్ఞ అది. రోజంతా ఫోన్లో సీరియల్ కిల్లర్ల వీడియోలు చూస్తుంది మరి. ఆటో కదిలిందో లేదో ఫోన్ చేసింది. హారన్ల మోతలో వినపడక స్పీకర్ పెట్టాను. అదే నా తప్పు.

"నంబర్ మీద అంత బురదనే ఉన్నది గదనే! ఎనకట హంతకుడు ఊరు మారిస్తే దొరకకపోతుండె. ఇప్పుడంటే కెమెరాలు, ఫోన్ సిగ్నళ్లు పట్టిస్తయ్. నంబరే కనబడకపోతే పోలీసోళ్లు ఏం పెట్టి ఎతుకుతరు?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా నాన్న వయసున్న డ్రైవర్ అద్దంలో నన్నొకసారి చూసి, ఆటో పక్కకు ఆపి దిగాడు. దింపేస్తాడనుకున్నాను. ఆయన సీటు కింది నుంచి గుడ్డ తీసి, తను తాగే నీళ్లు పోసి, ప్లేటు శుభ్రంగా తుడిచాడు.

"ఇప్పుడు తియ్ బేటా. నా మొఖం గూడ రానియ్. నా బిడ్డ కాలేజీకి ఆటోలనే పోతది. నేను గూడ గిట్లనే పంపుమంట," అని ప్లేటు పక్కన కూర్చుని నవ్వాడు.

ఛత్రినాకలో దిగాక, "ఇంటికొచ్చిన అని అమ్మీకి చెప్పు. ఫికర్ చేస్తుంటది," అన్నాడు.

మీరూ ఇలా ఫోటోలు తీస్తారా? నేనైతే ఇల్లు చేరగానే డిలీట్ చేసేస్తాను. ఇవాళ్టి ఫోటో చెరిపేయడానికి మాత్రం చేతులు రాలేదు.