కాగితపు అడవికి అనుమతి

మా ఆవిడకు పాడడం రాదు, ఆడడం రాదు. బొమ్మ గీసిందంటే అది పిల్లో కుందేలో ఆవిడే చెప్పాలి. అయినా మా ఊళ్లో ఏ సంస్థ అండా లేకుండా సొంతంగా నాటకాలు వేసేవాళ్లు, నృత్యం చేసేవాళ్లు, తోలుబొమ్మలాడించేవాళ్లు ఏది తలపెట్టినా ముందు ఆవిడ దగ్గరకే వస్తారు. వాళ్లందరికీ ఆవిడ ‘కాగితాలక్క’.

పద్దెనిమిదేళ్లు సరుకు రవాణా కంపెనీలో గుమస్తాగా చేసింది. ఏ లారీ ఎక్కడుందో, ఏ పర్మిట్ ఎప్పుడు ముగుస్తుందో పుస్తకం తెరవకుండా చెప్పేది. ఆ కంపెనీ మూతపడ్డాక నెల రోజులు గోళ్లు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చుంది. ఒక మధ్యాహ్నం పై వాటాలో ఉండే నటి నాటకానికి ఆర్థిక సాయం కోరే పన్నెండు పేజీల దరఖాస్తు పట్టుకుని దిగివచ్చింది.

“అక్కా, ఇందులో ‘మీ లక్ష్యం ఏమిటి’ అని అడిగారు. నాటకం ఆడడమే కదా! ఇంకేం రాయను?”

“ఎవరి కోసం ఆడతావు, ఎక్కడ, ఎన్నిసార్లు? నువ్వు చెప్తూ ఉండు, నేను రాస్తా.”

ఆ దరఖాస్తు నెగ్గింది. కబురు ఆ నోటా ఈ నోటా పాకింది. ఏడాది తిరిగేసరికి దర్జీ కొట్టు మీద గది తీసుకుంది. హాళ్లు మాట్లాడడం, రిహార్సళ్లకు వేళలు కుదర్చడం, దీపాలవాళ్లనూ లారీలనూ పురమాయించడం, ఉత్తరాలు రాయడం, అన్నీ ఆవిడే.

పై వాటా నటి రెండేళ్లు కష్టపడి, తానొక్కతే ఆడే నాటకం తయారుచేసింది. అడవిలో తప్పిపోయిన కూతుర్ని వెతుక్కునే తల్లి కథ. వేదిక మీది చెట్లకు మూడు వేల కాగితపు ఆకులు తన చేత్తోనే కత్తిరించింది. ప్రదర్శన రోజు ఉదయం హాలుకు అగ్నిమాపక అధికారి వచ్చాడు. అనుమతి కోసం మా ఆవిడ పెట్టిన దరఖాస్తు చూశాడు, చెట్లను చూశాడు.

“ఇందులో బట్ట చెట్లని రాశారేంటి? ఇంత కాగితం, పైన ఇంత వేడి దీపాలు... లోపల కుదరదు.”

మొదట బట్టే అనుకున్నారు. మార్చిన సంగతి నటి చెప్పలేదు, మా ఆవిడ మళ్లీ అడగలేదు.

“తప్పు నాదేనండీ. ఇంకోసారి అడిగి ఉండాల్సింది,” అంది.

హాలు మేనేజరు ఆవిణ్ణి పక్కకు పిలిచాడు. “ఆయన్ని వెళ్లనివ్వండమ్మా. తర్వాత మీ పని మీరు కానివ్వండి.”

“రెండొందల మందిని లోపల కూర్చోబెట్టా? నా వల్ల కాదు.”

నటి ఆవిడ మీద విరుచుకుపడింది. “రెండేళ్లక్కా! నా రెండేళ్లు బూడిదలో పోసేశావు!” మా ఆవిడ నేరుగా అధికారి దగ్గరకు వెళ్లింది.

“ఎక్కడ కుదరదో చెప్పారు. ఎక్కడ కుదురుతుందో కూడా మీరే చెప్పండి సార్.”

ఆయన తల గోక్కున్నాడు. “ఆరుబయట, దీపాలు లేకుండా, నీళ్లు దగ్గర పెట్టుకుంటే...”

హాలు వెనక లారీలు సరుకు దించే ఖాళీ స్థలం ఉంది. ఆయన జీపు బానెట్ మీదే కొత్త దరఖాస్తు రాసి సంతకం పెట్టించుకుంది. వెలుతురు ఉండగానే ముగియాలని ఆటను సాయంత్రం నాలుగింటికి జరిపింది. లెక్కల మాస్టారినైన నన్ను బడికి సెలవు పెట్టించి, టికెట్లు కొన్నవాళ్లలో సగం మందికి నాచేత ఫోన్లు చేయించింది.

ఆట మొదలైన కాసేపటికి గాలి లేచింది. మూడు వేల ఆకులూ ఒక్కసారిగా గలగలమన్నాయి. నటి మాట తడబడింది. తర్వాత ఆగింది, ఆ చప్పుడు విన్నది, అది సద్దుమణిగాక కూతుర్ని పిలిచింది. మళ్లీ గాలి. మళ్లీ పిలుపు. నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డ అధికారి కూడా ముక్కు ఎగబీల్చాడు.

మా ఆవిడ మాత్రం ఒక్క ముక్కా చూడలేదు. గేటు దగ్గర సిమెంటు లారీని వెనక్కి మళ్లిస్తోంది.

మర్నాడు నటి వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. “ఇక దీన్ని ఎప్పుడూ బయటే ఆడతానక్కా.” ఆ ఏడాది ఏడు ఊళ్లలో ఆడింది. మూడో ఊళ్లో నేను మా ఆవిణ్ణి బలవంతంగా ముందు వరసలో కూర్చోబెట్టాను. చివరి దాకా కదల్లేదు.

“పదకొండు దరఖాస్తుల్లో ఈ కథ నేనే రాశానండీ,” అంది, కొంగుతో కళ్లొత్తుకుంటూ. “ఇలా ఉంటుందని నాకేం తెలుసు!”